ప్రయోగశాలలో మానవ ఎంజైము

శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు ఇచ్చిన పిమ్మట, శ్వాసనాళమున గొట్టము అమర్చుటకై వైద్యులు కొన్ని సందర్భములలో సక్సినైల్‌కోలిన్ అను మందును వాడుదురు. అది కండరములను సడలించును. ఊపిరి తీయించు కండరములు సైతము కదలక నిలిచిపోవును. అయినను భయము లేదు. కొలది నిమిషములలో ఆ మందు విరిగిపోవును. రోగి మరల తనంత తానే ఊపిరి తీయగలడు.

అరుదుగా కొందరిలో మాత్రము ఆ నిమిషములు గంటలగును. మందు విరుగువరకు వెంటిలేటరు సాయముతో వారిని కాపాడవలసి ఉండును. మందులో దోషము లేదు. లోపించినది రక్తములోని ఒక ఎంజైము. దాని పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్.

ఎంజైము అనగానేమి? అన్నమును నోట ఎక్కువసేపు నమిలినచో తీపెక్కును. అది లాలాజలములోని ఒక ఎంజైము చేయు పని. ఒక పదార్థమును మరియొక పదార్థముగా త్వరితముగా మార్చుచు, తాను మాత్రము తరగక మిగులుటయే ఎంజైము లక్షణము. మనము చెప్పుకొనుచున్న ఎంజైమును కాలేయము తయారుచేసి రక్తములోనికి పంపును. 574 అమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండలు నాలుగు కలసి ఒక అణువగును. పూసల వరుసను నిర్ణయించు జన్యువు మూడవ క్రోమోసోముపై ఉన్నది.

ఈ ఎంజైము అందరిలో ఒకే రీతిగా ఉండదనియు, ఆ భేదము వంశానుగతమనియు కెనడాలో వెర్నర్ కాలో అను శాస్త్రజ్ఞుడు 1957లో చూపెను. భేదము ఏ పూసలో ఉన్నదో తెలియుటకు మాత్రము ఇంకను కాలము పట్టినది. రక్తములో ఎన్నో మాంసకృత్తులు కలసి ఉండును. వానినుండి ఒక్కదానిని వేరుచేయుట శ్రమతో కూడిన పని. పైగా ఎంజైము లోపించినవారి రక్తములో పరీక్షించుటకు అది దొరకనే దొరకదు.

ఈ చిక్కును విడదీసినది రీకాంబినెంట్ విధానము. మానవ జన్యువు నకలును మరియొక జీవకణములో చేర్చి, ఆ కణముచేత మన ఎంజైమును తయారుచేయింతురు. బాక్టీరియాను పెంచుట సులభమే. కాని ఈ ఎంజైముపై చక్కెర గొలుసులు అమరవలెను. ఆ పని సామాన్యముగా బాక్టీరియాకు చేతకాదు. కావున చిట్టెలుకను పోలిన హామ్‌స్టర్ అను జంతువు అండాశయ కణములను వాడుదురు. ఇట్లు తయారైన ఎంజైము సాయముననే 2003లో దాని రూపము అణువణువుగా తెలియవచ్చినది.

ఈ విద్య మన తెలుగువారి విషయమున కూడ ఉపకరించినది. కోయంబత్తూరులోని వైశ్యులలో సుమారు 24 మందికి ఒకరిలో ఈ ఎంజైము దాదాపు లేదని పరిశోధకులు గమనించిరి. ఐరోపా, అమెరికాలలో ఇట్టివారు లక్షకు ఒక్కరే. తరతరములుగా తమలో తాము వియ్యమందుకొను సమాజములలో పూర్వుల జన్యువు ఒకటి ఇట్లు వ్యాపించుట సహజము. 307వ స్థానమున లూసీన్‌కు బదులు ప్రోలీన్ ఉన్నదని 2006లో ప్రకటించిరి. ఆ మార్పు గల జన్యువును ప్రయోగశాలలో మానవ కణములలో చేర్చి చూడగా, పనిచేయు ఎంజైము కణములనుండి వెలువడలేదు. 574 పూసలలో ఒక్కటి మారినందున కలిగిన ఫలితమిది.

ప్రయోగశాలకై అమ్ము ఎంజైము సీసాలపై ‘పరిశోధనకు మాత్రమే’ అని వ్రాసి ఉండును. అది ఔషధము కాదు. అది మనకిచ్చునది జ్ఞానము.

ఆ జ్ఞానమును వాడుకొనుట గృహస్థుల వంతు. ఈ లోపము రోగము కాదు; కులమునకు కళంకమును కాదు. ఇది గలవారు నిత్యజీవితమున ఆరోగ్యముగనే ఉందురు. అయితే మీకు గాని, మీ రక్తసంబంధీకులలో ఎవరికైన గాని, మత్తు ఇచ్చిన తరువాత ఊపిరి తిరిగి వచ్చుట ఆలస్యమైనచో, శస్త్రచికిత్సకు ముందుగనే ఆ సంగతి మత్తుమందు వైద్యునకు చెప్పుడు. రక్తపరీక్షతో లోపమును గుర్తింపవచ్చును. కండరములను సడలించుటకు వేరు మందులును కలవు. ముందుగా చెప్పిన ఒక్క మాట వలన రోగికి గండము తప్పును.