కొత్త ఆబోతుకు పెళ్ళిచూపులు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పశువుల జాతిని బాగుచేయుటను గూర్చి శాస్త్రవిషయములు చెప్పుటకు పశువైద్యులున్నారు. మేము ప్రచారశాఖ వారము. ఊరూర తిరిగి జనుల మాట వినుట మా వృత్తి. అందుచేత ఒంగోలు ప్రాంతమున పశుపోషకులు కొత్త ఆబోతును చూచునప్పుడు విసరుకొను ఛలోక్తులతోనే ఈ ప్రసంగమును ఆరంభించెదము. నవ్వవలసినచోట నవ్వుడు. కాని ఆ నవ్వులో ఎంత నిజమున్నదో, ఎంత ఉత్తమాట యున్నదో తేల్చుకొనకుండ ఆబోతును తెచ్చుటకు తీర్మానము మాత్రము చేయవలదని మా మనవి. ఆవు చెడ్డదైనచో నష్టము ఒక్క ఇంటిది. ఆబోతు చెడ్డదైనచో ఊరంతటిది, అదియు ఒక తరము వరకు.

ఊరికి కొత్త ఆబోతు వచ్చినదనగా రచ్చబండ కడ జరుగునది అచ్చముగా పెళ్ళిచూపులే. ఒకరు పళ్ళు చూచెదరు. ఒకరు తోక ఎత్తి చూచెదరు. ఒకరు మూపురము తట్టెదరు. ఏమియు తెలియనివారు అందరికంటె గంభీరముగ తల ఊపుచు చుట్టును తిరిగెదరు. అమ్మవచ్చినవాడు తన సరకు గుణగణములు వర్ణించును: "పేరుకే ఆబోతు మావా, కుందేలు లాంటిది. చిన్నపిల్లలు తోక పట్టుకొని ఆడుకుంటారు." వెనుకనుండి ఒక ముసలివాని గొంతు లేచును: "ఆ పిల్లలిప్పుడు ఎక్కడున్నారల్లుడూ?"

ఈ మాటకు నవ్వనివారుండరు. అయినను ఇందులో మెలకువ కలదు. తలవంచుకొని తిరుగు ఆబోతే ఒక్కొక్కప్పుడు మనుష్యుని పొట్టన పొడుచును. కోపిష్ఠి ఆబోతుకడ మనుష్యుడు ఎటులను జాగ్రత్తగనే యుండును. సాధువను పేరుబడినదాని కడ ఏమరును. కావున ఎంత సాధువైనను ముక్కుకు కడియము, మనిషి చేత కఱ్ఱ తప్పవు.

తరువాత రంగు మాట. "ఇంత తెలుపేమిటి మావా, సంక్రాంతికి సున్నం కొట్టించారా?" అని ఒకరనిన, "కొమ్ములకు రాసిన ఆముదం ఇంకా ఆరలేదురా, అప్పుడే ముట్టుకోకు" అని ఇంకొకరందురు. మనవారికి తెలుపుమీద మోజు మెండు. మంచి ఒంగోలు పశువునకు ఒడలు తెల్లగనున్నను మూతి, కంటి చుట్టు, తోక కుచ్చు, గిట్టలు నల్లగ నుండవలయును. మగపశువు ముదిరినకొలది తల, మెడ, మూపురముల మీద బూడిదవన్నె తిరుగును. కొమ్ములు పొట్టిగ, మొదట లావుగ నుండును. గంగడోలు మడతలు పడి వ్రేలాడును. ఇవి జాతిని గుర్తుపట్టుటకు పనికివచ్చు లక్షణములే. కాని వీనిలో ఏ ఒక్కటియు పాలు పెంచదు, అరక లాగదు.

సుడుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఫలానా చోట సుడి యున్న యజమానికి అరిష్టమని బేరము మధ్యలో లేచిపోయినవారు కలరు. అటువంటి సందర్భముననే ఒక చమత్కారి యనిన మాట మాకు మిక్కిలి నచ్చినది. "నెత్తిన రెండు సుడులున్నాయి, మనకొద్దు" అని పెద్దమనిషి యొకడు పెదవి విరువగా, "రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు గదా బాబాయ్, ఆబోతుకు మనం కోరేది అదేగా!" అన్నాడట. సుడికిని సంతానమునకును ఏ సంబంధమును లేదు. ఆ చమత్కారి నవ్వించుచునే ఆ బేరమును నిలిపినాడు.

కంటితో చూచి తెలిసికొనదగినవి లేకపోలేదు. అన్నిటికంటె ముందు వెనుక కాళ్ళు చూడవలయును. కాళ్ళు స్తంభములవలె బిగిసి నిటారుగ నున్న ఆబోతు చూపునకు రాజఠీవితో నుండును. కొన్నాళ్ళకు కీళ్ళు నొచ్చి ఆవును దాటలేకపోవును. "ఇది కూర్చోబెట్టి మేపే అల్లుడు కాదు మావా, లేచి నిలబడాల్సినవాడు" అని కరవాడి మాటలలో వినవచ్చు హాస్యము ఇదియే. రెండవది వృషణములు. ఇంతమందిలో ఆ మాట యెత్తుటకు మనవారు సిగ్గుపడుదురు. కాని రెండును సమముగ, నిండుగ, కొలతకు తగినట్లుగ ఉన్నవా యని చూడక తెచ్చిన ఆబోతు ఊరి మేత తినిపోవునే గాని ఆవులను చూడి కట్టింపలేదు. ఇక కంటికి కనబడనివి రోగములు. ఈచుకుపోవుటకు కారణమగు బ్రూసెల్లా రోగము, క్షయ లేవని రక్తపరీక్ష, చర్మపరీక్ష చేయించి పత్రము పుచ్చుకొనక ఆబోతును ఊరిలోనికి రానీయరాదు. ఇచ్చట హాస్యమునకు తావు లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదము. ఇటువంటి పెళ్ళిచూపులలో ఎవడో ఒక కుఱ్ఱవాడు, "తాతా, ఇది పూటకు ఎన్ని పాలిస్తుంది?" అని అడుగుట కలదు. వెంటనే పెద్దలు, "దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది" అని వానిని ఎగతాళి చేయుదురు. మా దృష్టిలో ఆ మందలో సరియైన ప్రశ్న అడిగినవాడు వాడొక్కడే. ఆబోతు పాలీయదు, దాని కుమార్తెలు ఇచ్చును. తల్లి ఎంత ఇచ్చునో తండ్రియు అంతే వంశగుణము నిచ్చును. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అను సామెత తల్లినే చెప్పినది గాని తండ్రిని మరచినది.

చిక్కేమనగా ఆ పాల లెక్క తేలుటకు కాలము పట్టును. ఆబోతు మూడేండ్లకు పనికివచ్చెననుకొందము. ఆవు తొమ్మిది నెలలు మోయవలయును. పుట్టిన పెయ్య మన మేపుడులో ఈనుటకు మూడు నాలుగేండ్లు. ఆపైన పది నెలలు పాలు కొలువవలయును. అప్పటికి ఆబోతుకు ఎనిమిదేండ్లు నిండును. "అల్లుడి గుణం ఆరు నెలలకు, ఆబోతు గుణం అరవై నెలలకు" అని పోషకులు నవ్వుకొనుట ఊరకే కాదు. మంచిదని తెలియునాటికి అది ముసలిదగును. చెడ్డదని తెలియునాటికి దాని సంతానము ఊరినిండ నుండును.

ఈ చిక్కును విడదీసినది కృత్రిమ గర్భధారణ పద్ధతి. డెన్మార్కులో 1936లో దీనికొక సహకార సంఘము వెలసినది. మన దేశమున 1939లో మైసూరు రాజభవనపు పాడి క్షేత్రమున ప్రారంభమైనది. మొదటి పంచవర్ష ప్రణాళికలో కీలక గ్రామ పథకముతో పల్లెలకు వచ్చినది. నేడు వీర్యమును మైనస్ 196 డిగ్రీల చలిలో, గడ్డిపరక వంటి సన్నని గొట్టములలో ఏండ్లతరబడి నిలువచేయుచున్నారు. అనేక గ్రామములలో ఒకే ఆబోతు కుమార్తెల పాలు కొలిచి, ఇతర ఆబోతుల కుమార్తెలతో పోల్చి, గెలిచినదానినే విరివిగ వాడుదురు. 2012లో ఆరంభమైన జాతీయ పాడి ప్రణాళిక క్రింద ఈ సంతాన పరీక్ష మన దేశమున విస్తరించినది. అమెరికాలో 2009 నుండి దూడ పుట్టగనే రక్తముననో వెండ్రుకలలోనో వంశబీజములను చదివి అంచనా కట్టుచున్నారు.

అనేక గ్రామములు ఎందుకని మీరడుగవచ్చును. దీనికి సమాధానము మీ ఊరిలోనే యున్నది. మంచి దూడ పుట్టినయెడల "మా ఆవు పోలిక" అందురు. పేలవమైన దూడ పుట్టినయెడల "పంచాయతీ ఆబోతు పోలిక" అందురు. ఆవు కట్టకపోయిన ఆబోతుగలవాడు ఆవు జాతకము ననును, ఆవుగలవాడు ఆబోతు చేతకానితనము ననును. నిజమునకు పాల దిగుబడిలో పశువునకును పశువునకును గల భేదములో వంశమువలన వచ్చునది సుమారు నాల్గవ వంతు నుండి మూడవ వంతు వరకే. తక్కినది మేపుడు, నీరు, నీడ, రోగము. ఒక్క ఇంట ఒక్క పెయ్యను చూచి తండ్రిని పొగడుటయు తిట్టుటయు రెండును తొందరపాటే.

గెలిచిన ఆబోతునైనను మితిమీరి నమ్మరాదు. 1962లో అమెరికాలోని నెబ్రాస్కాలో పుట్టిన "చీఫ్" అను హోల్‌స్టీన్ ఆబోతుకు 16,000 మందికి పైగా కుమార్తెలు. వానివలన పాలు విస్తారముగ పెరిగినవి. కాని దాని రక్తమున దాగియున్న ఒక లోపము తల్లివైపునుండియు తండ్రివైపునుండియు కలిసిన దూడను గర్భముననే చంపునని చిరకాలము తరువాత తెలిసినది. ఆ లోపమువలన ప్రపంచమంతట సుమారు 5 లక్షల గర్భములు పోయినవని 2016లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టినారు. లాభము ఈ నష్టమునకు ఎన్నో రెట్లని కూడ వారే చెప్పినారు. మన గ్రామమునకు దీనినుండి గ్రహించవలసినది చిన్నదే: తన పెయ్యలు ఎదకు వచ్చువేళకు తండ్రి ఊరిలో నుండరాదు. మూడేండ్లకొకసారి పొరుగు పంచాయతీతో ఆబోతును మార్చుకొనుడు. ఒంగోలు ఆవుకు ఒంగోలు ఆబోతునే వెదకుడు.

ఆ జాతి విలువ పరాయివారికి తెలిసినంతగ మనకు తెలిసినదా యని మాకు అనుమానము. 1960 దశాబ్దపు తొలినాళ్ళలో నేటి ప్రకాశం జిల్లా కరవది నుండి బ్రెజిలుకు పోయిన ఆబోతు అచ్చట ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కినది. మన ఒంగోలు జాతిని వారు నెల్లూరు పేరున "నెలోరె" అందురు. ఆ జాతి ఆవు వియాటినా-19 విలువ 2023లో 43 లక్షల డాలర్లుగ లెక్కకు వచ్చి ప్రపంచ రికార్డైనది. ఈ సంగతి చెప్పగా ఒక రైతు, "ఆ ఆవుకు పూటకు ఎంత దాణా అయ్యా?" అని మాత్రమే అడిగినాడు.

ఇక పంచాయతీ చేయదగిన పని యొకటి. కార్యాలయమున ఒక పుస్తకము తెరువుడు. ఏ ఆవును ఏ తేదీన ఏ ఆబోతుకు దాటించిరి, లేక గోపాలమిత్ర ఏ ఆబోతు వీర్యము వేసెను, ఏ దూడ పుట్టెను అనునవి వ్రాయుడు. పశువు చెవి బిళ్ళపై 12 అంకెల సంఖ్య యున్నది గనుక పేర్లు తారుమారు కావు. ఈనిన పెయ్యల పాలు నెలకొకసారి ఉదయము, సాయంత్రము కొలిచి దానియందే చేర్చుడు. ఒక గ్రామమున ఈ మాట చెప్పినప్పుడు సభలోనుండి ఒకరు లేచి, "పాలు నీళ్ళు కలపకముందు కొలవాలా, కలిపాక కొలవాలా?" అని అడిగినారు. కలపకముందే కొలువవలయునని సభాముఖమున సమాధానము చెప్పితిమి. ఆ సమాధానమును మీ పుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనిన మాకభ్యంతరము లేదు.