చెక్కబండి – త్రాసు – సంఘము
(సండే స్కూలు ఉపాధ్యాయుల, తలిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ శతాబ్ది సమయమున సంఘ చరిత్రను గూర్చి మాట్లాడుటకు పెద్దలు అనేకులున్నారు. పిల్లలను గూర్చి మాట్లాడే పని మాకు అప్పగించారు. గనుక మేము ఒక ఆటబండిని గూర్చి, దాని విషయములో మేము చేసిన ఒక తప్పును గూర్చి చెప్పదలచాము.

మన పల్లె పిల్లలకు బండ్లు కొత్త కాదు. రెండు తాటిబుర్రలు, వాటి నడుమ ఒక పుల్ల, తోయుటకు ఒక కర్ర ఉంటే బండి తయారైనట్లే. దానికి కొలత లేదు, తూకము లేదు. ఎవరు గట్టిగా పరుగెత్తితే వారి బండే ముందు.

అమెరికాలో ఇలాంటి ఆటకే నియమములు పెట్టి ఆడిస్తారు. 1953 మే నెలలో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్ అనే ఊరిలో డాన్ మర్ఫీ అనే స్కౌటు నాయకుడు దీనిని ప్రారంభించాడు. పెద్ద పిల్లలు తాము కూర్చుండి నడిపే బండ్ల పందెమునకు తన కుమారుని వయస్సు చాలలేదు. అందుచేత చిన్నవారి కొరకు చేతిలో పట్టే చెక్కబండ్ల పందెము ఏర్పాటు చేశాడు. దానికి పైన్‌వుడ్ డెర్బీ అని పేరు. ప్రతి పిల్లవానికీ ఒకే రకపు చెక్కముక్క, నాలుగు చక్రాలు, ఇరుసులుగా నాలుగు మేకులు ఇస్తారు. బండి పొడవు 7 అంగుళాలు, వెడల్పు 2¾ అంగుళాలు, బరువు 5 ఔన్సులు దాటరాదు. అనగా దాదాపు 142 గ్రాములు. మోటారు ఉండరాదు, స్ప్రింగు ఉండరాదు. వాలు మీద విడిచిపెడితే తనంతట తానే దిగవలెను.

మా సంఘములో పెరిగి ఆ దేశములో స్థిరపడిన ఒక కుటుంబము వేసవిలో బొబ్బిలి వచ్చినప్పుడు, వారి అబ్బాయి తన బండిని మాకు చూపించాడు. దానిని చూచి మన సెలవుల బైబిలు పాఠశాలలోను ఈ పందెము పెట్టాలని తలంచాము.

బొబ్బిలి అనగానే వీణ గదా! ప్రక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబముల వారు పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఒకే దుంగలో చేసిన ఏకాండి వీణకు ఎంత పేరున్నదో మీరెరుగుదురు. మేమును పనస చెక్కనే తీసికొని వడ్రంగి చేత సమానమైన ముక్కలు కోయించాము. బరువు హద్దు 140 గ్రాములని పెట్టాము.

పనస చెక్క పైన్ చెక్క కంటె బరువైనది. చెక్కకుండా ఉంచితే ముక్క ఒక్కటే ఇంచుమించు హద్దును అంటుకొంటుంది. గనుక పిల్లలు మొదట రంపముతో ముందు భాగమును పలుచగా కోయవలసి వచ్చింది. కోసిన తరువాత మిగిలిన బరువును సీసపు ముక్కతో నింపవచ్చును. దానిని వెనుక చక్రాల దగ్గర పెట్టుట మేలు. బండి వాలు మీద నిలిచినప్పుడు వెనుక భాగము ఎత్తున ఉంటుంది గనుక, అక్కడి బరువు ఎక్కువ ఎత్తు నుండి దిగి బండికి వేగమిస్తుంది. మేకులను గరుకు కాగితముతో నునుపు చేసి, నూనెకు బదులు పెన్సిలు ములుకు పొడి వేస్తే ఇరుసు రాపిడి తగ్గుతుంది. చక్రాలు నాలుగూ తిన్నగా నిలువవలెను. ఒకటి వంకరైనా బండి దారి అంచును రాసుకొని ఆగుతుంది.

బరువునకు హద్దెందుకని ఒక అబ్బాయి అడిగాడు. బండి బరువైనకొలది గాలి దానిని ఆపుట తక్కువ. కొద్ది గ్రాములైనా చివర బెత్తెడు తేడా తేగలవు. ఈ సంగతి పిల్లలకు బోధించినది మేమే. అది మరచిపోకండి.

పందెపు దినమున కిరాణా కొట్టు నుండి త్రాసు తెప్పించాము. తూచువారము మేమే, తీర్పరులము మేమే. కూలి చేసికొని బ్రతికే ఒక విధవరాలి కుమార్తె బండి 146 గ్రాములు తూగింది. “తగ్గించుకొని రా అమ్మా” అన్నాము. ఆ పిల్ల గుడి అరుగు మీద కూర్చుండి గంటసేపు గరుకు కాగితముతో అరగదీసి, సరిగా 140 గ్రాములకు తెచ్చింది.

చివరగా మా అబ్బాయి బండి పెట్టాము. త్రాసు 147 చూపింది. అప్పటికే పొద్దెక్కింది, పిల్లలు తొందర పడుతున్నారు. ప్రక్కనున్న పెద్ద ఒకరు, “ఏడు గ్రాములే గదండీ అయ్యగారూ, పోనిద్దురూ” అన్నారు. మేము పోనిచ్చాము. మా అబ్బాయి బండి మొదట వచ్చింది, ఆ పిల్ల బండి రెండవది. బహుమానము పెద్దదేమీ కాదు, ఒక బైబిలు, ఒక స్టీలు టిఫిను డబ్బా. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. అయితే ఆమె త్రాసు ప్రక్కనే నిలిచియుండెను. అంకె చూచింది. ఏమీ అనలేదు.

ఆ రాత్రి మా ఇంటివారు అడిగారు: “ఆరు గ్రాములకు ఆ పిల్లను గంటసేపు కూర్చోబెట్టారు. ఏడు గ్రాములకు మన వాడిని కూర్చోబెట్టలేకపోయారా?” మా యొద్ద జవాబు లేదు.

ఇట్టిది పెద్ద దేశములోను జరిగింది. 1973లో ఆక్రన్ పట్టణములో జరిగిన సోప్ బాక్స్ డెర్బీ అనే పెద్ద పందెములో 14 ఏండ్ల బాలుడు గెలిచాడు. తరువాత అతని బండిని ఎక్స్‌రే తీయగా ముక్కులో విద్యుదయస్కాంతము దాచబడి యున్నది. పందెము మొదలయ్యేటప్పుడు ముందుకు పడిపోయే ఇనుప పలక ఆ బండిని తనతో లాగేది. బాలుని బహుమానము తీసివేశారు. ఆ ఉపాయములో చేయి ఇంటి పెద్దదే, అవమానము మాత్రము పిల్లవాడు మోశాడు. మా ఏడు గ్రాములు ఆ అయస్కాంతము కంటె చిన్నవే, కాని జాతి ఒక్కటే.

మరుసటి ఆదివారము ఆరాధనలో పిల్లలందరి ముందు మా తప్పు ఒప్పుకొన్నాము. మా అబ్బాయి రెండు దినములు మాతో మాట్లాడలేదు. అది న్యాయమే. బహుమానము ఆ పిల్లకు ఇవ్వబోగా ఆమె, “వద్దండి అయ్యగారూ, మళ్ళీ తూచి విడిచిపెడదాము” అన్నది. మా వాడు అదే అరుగు మీద కూర్చుండి తన బండిని 140కి తెచ్చాడు. మూడుసార్లు విడిచాము. రెండుసార్లు వాని బండి, ఒకసారి ఆమెది గెలిచింది. చూచితిరా! మేము చేసిన ఉపకారము వానికి అక్కరే లేదు. వాడు నీతిగా గెలువగలిగిన దానిని మేమే దొంగ గెలుపుగా చేశాము.

ప్రియులారా, రెండవ తిమోతి 2వ అధ్యాయము 5వ వచనము, సామెతలు 11వ అధ్యాయము మొదటి వచనము ఇంటికి వెళ్ళి చదువుకొనండి. ఒకటి పందెమును గూర్చినది, ఒకటి త్రాసును గూర్చినది. సంఘములోను ఏడు గ్రాములున్నవి. పేదవాని పెండ్లికి నియమము చెప్పి, పెద్దవాని పెండ్లికి సర్దుకొనుట ఏడు గ్రాములు. కానుక లెక్కలో ఒకరిని రసీదు అడిగి, మరియొకరిని అడుగకుండుట ఏడు గ్రాములు. మన పిల్లలు ఏమీ అనరు. కాని త్రాసు ప్రక్కనే నిలిచియున్నారు, అంకె చూస్తున్నారు.

ఇప్పుడు మా పందెములో రెండు కొత్త నియమములున్నవి. రంపము తప్ప మరి ఏ పనికీ తలిదండ్రుల చేయి తగులరాదు. పాస్టరు గారి పిల్లల బండి అందరికంటె ముందు, అందరి యెదుట తూచవలెను. రానున్న వేసవిలో మీ పిల్లలను పంపండి, మీరును వచ్చి త్రాసు దగ్గర నిలువండి.

వడ్రంగి పని చేసిన మన ప్రభువు మన చేతి పనిని, మన తూనికను సరిచేయును గాక. ఆమేన్.