బోటులోకి ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు స్క్రీన్ చూడండి
అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్నా. బోటులో దారి చూసుకోడానికి ఏ ల్యాప్‌టాప్ కొనాలని ఒక తమ్ముడు అడిగాడు. తమ్ముడూ, ప్రాసెసర్ సంగతి తర్వాత, ముందు బ్రైట్‌నెస్ చూడు. మామూలు వాటికి 250, 300 నిట్స్ ఉంటది. ఇంట్లో ఓకే. మిట్టమధ్యాహ్నం నీళ్ల మీద అయితే అందులో నీ మొహమే కనబడుద్ది! ఎండలో చదవాలంటే 1000 నిట్స్ దాకా కావాలి, అదీ మ్యాట్ స్క్రీన్. పోలరైజ్డ్ కళ్లజోడు వాడతావా? షాపులోనే పెట్టుకుని తల అటూఇటూ వంచి చూడు, కొన్ని స్క్రీన్లు నల్లగా అయిపోతాయి. రాత్రికి వెలుగు బాగా తగ్గాలి, లేకపోతే ఎదురొచ్చే పడవ కంటికి ఆనదు. ఇంకోటి, మొగలో ఇసుక మేటలు జరుగుతుంటాయి. మ్యాప్‌లో లోతున్న చోటే మేట ఉండొచ్చు. అక్కడ మాత్రం స్క్రీన్ పక్కనపెట్టి సరంగుని అడుగు. ఉంటా మరి.