అద్దె కాగితం మీద ఎవరి పేరు?

(స్త్రీల చట్టపరమైన హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తిహక్కు గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. ఆస్తే లేనివాళ్లు బతికే అద్దె ఇంటి గురించి మాట్లాడింది తక్కువ. ఈ పూట ఆ సంగతే, అదీ హైదరాబాదు వరకే, మాట్లాడతాను. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే చట్టం చేసుకుంది కాబట్టి అక్కడి విషయం విడిగా చెప్పుకోవాలి.

మీరుంటున్న ఇంటి అగ్రిమెంటు మీలో ఎంతమంది చదివారు? లేచిన చేతులు లెక్కపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ కాగితం దాదాపు ఎప్పుడూ పదకొండు నెలలకే ఉంటుంది. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాస్తారు. గడువు ముగియగానే కిరాయి పెంచడానికీ అది అనువుగా ఉంటుంది. అందులో ఒక పేరు ఓనరుది, రెండో పేరు భర్తది. నా పరిశోధనలో చూసిన అగ్రిమెంట్లలో భార్య పేరున్నవి బహు అరుదు. అడ్వాన్సు కోసం చిట్టీ పాడిందీ, మెళ్లో గొలుసు కుదువ పెట్టిందీ మాత్రం ఆమే. అడిగితే, "ఎవరి పేరైతే ఏముందమ్మా, ఉండేది అందరూ కలిసే కదా" అంటారు.

ఏముందో చూద్దాం. మన అద్దె నియంత్రణ చట్టం 1960 నాటిది. కిరాయిదారు చనిపోతే, అప్పటిదాకా ఆ ఇంట్లో అతనితో కలిసి ఉన్న భార్య, కొడుకు, కూతురు కూడా కిరాయిదారులే అని అందులో స్పష్టంగా రాసి ఉంది. భర్త చనిపోకుండా వెళ్లిపోతే? ఆ నిర్వచనంలో ఆమె ప్రసక్తే లేదు. అంటే మొగుడు చచ్చిపోయిన స్త్రీకి ఇంట్లో చోటుంది, మొగుడు వదిలేసిన స్త్రీకి లేదు. ఈ చట్టం రాసినవాళ్లకు వైధవ్యం తెలుసు. వదిలేసిపోవడం తెలియదని నేననుకోను. దాన్ని ఇంటి గుట్టనుకుని పక్కన పెట్టి ఉంటారు.

2005లో సుప్రీంకోర్టు ముందుకు బెంగుళూరు నుంచి సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. కిరాయి భర్త పేరున ఉంది. అతను భార్యను వదిలి వెళ్లాడు. ఇల్లు ఖాళీ చేయించాలని ఓనరు దావా వేశాడు. ఆ ఇంటితో అవసరం తీరిన భర్త ఎందుకు పోట్లాడతాడు? నా మాట వినండని భార్య అడిగింది. భర్త వదిలేసిన భార్య ఆ ఇంట్లోనే ఉంటే, అతను చేయగలిగిన వాదనలన్నీ ఆమె చేసుకోవచ్చని కోర్టు ఒప్పుకుంది. అద్దె కట్టాలి, అతనికున్న షరతులే ఆమెకూ ఉంటాయి. అయితే విడాకులైతే ఆ హక్కు పోతుంది, డిక్రీలోనే ఇంటి ఏర్పాటు రాసి ఉంటే తప్ప. కేసు నడుస్తుండగా ఆమెకు పరస్పర అంగీకారంతో విడాకులు వచ్చేశాయి. ఆమె సాధించిన సూత్రం మిగతా స్త్రీలకు దక్కింది, ఇల్లు ఆమెకు దక్కలేదు.

గృహహింస చట్టం ఉంది కదా అంటారు. ఉంది. భార్యాభర్తలు కలిసి ఉన్న ఇల్లు అద్దెదైనా, కాగితం ఎవరి పేరున ఉన్నా, ఆమెకు అందులో ఉండే హక్కుందని 2005 నాటి ఆ చట్టం చెబుతుంది. వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో మేజిస్ట్రేటు భర్తను ఆదేశించవచ్చు. గమనించండి, ఆదేశం భర్తకు. అతను కట్టకపోతే ఓనరు ఊరుకోడు.

ఇంకో చిక్కు. 2005లోనే చేసిన సవరణ, కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 దాటిన ఇళ్లను అద్దె నియంత్రణ నుంచి తప్పించింది. ఇవాళ ఈ నగరంలో 3,500కి ఏమొస్తుందో మీకు తెలుసు. మిగతా ఇళ్లకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే గతి. వేరే ఒప్పందం లేకపోతే నెలవారీ కిరాయిదారును ఖాళీ చేయించడానికి పదిహేను రోజుల నోటీసు చాలు. కేంద్రం 2021లో నమూనా చట్టం తెచ్చింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు, ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలి. బాగానే ఉంది గాని అది నమూనా. రాష్ట్రం చట్టం చేస్తేనే మనకు వర్తిస్తుంది.

ఓనర్లందరూ దుర్మార్గులని నేననడం లేదు. మేడ మీది గది అద్దెతో మందులు కొనుక్కునే వితంతువులూ ఓనర్లే. ఒంటరి ఆడమనిషికి ఇల్లివ్వమనేవాళ్లలో వాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.

కాబట్టి అగ్రిమెంటులో భర్త పేరు పక్కన మీ పేరు కూడా కిరాయిదారుగా రాయించండి. ఏ చట్టమూ దానికి అడ్డం రాదు. ఓనరు ఒప్పుకోకపోతే అద్దె మీ ఫోను నుంచి, మీ ఖాతా నుంచి కట్టండి, రసీదు మీ పేరున అడగండి. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టేముందు ఇంటి మాట అందులో ఉందో లేదో చూసుకోండి. వకీలు తొందరపెట్టినా సరే.

స్టాంపు వెండరు దగ్గర దొరికే ఫారాలు కొన్ని తెచ్చాను. భోజనాలయ్యాక కూర్చుని, రెండో పేరు ఎక్కడ రాయాలో చూద్దాం.