పాలకవరు నుంచి డీజిలు దాకా



మొన్నామధ్య మా అక్కయ్య కొడుకు పాత నూనె డబ్బా ఒకటి, రాగి గొట్టం ఒకటి పట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. "పిన్నీ, నీ దగ్గరున్న పాలకవర్లన్నీ ఇటివ్వు, డీజిలు తీస్తాను" అన్నాడు. సెల్‌ఫోనులో చూశాడట. పొయ్యి రాజెయ్యబోతుంటే డబ్బా లాక్కున్నాను. "తప్పేముంది? ప్లాస్టిక్ పుట్టిందే ముడిచమురులోంచి కదా" అని అలిగాడు. వాడి మాట అబద్ధం కాదు. అయినా ఎందుకు వద్దన్నానో మీకూ చెబుతాను.

పాలిథిన్ అంటే వేలకొద్దీ పూసలు గుచ్చిన పొడుగాటి దండ అనుకోండి. ఆ పూసలు కార్బన్ పరమాణువులు. డీజిలులోనూ అవే పూసలు, కాకపోతే పది, ఇరవై పూసల చిన్న ముక్కలు. గాలి చొరబడని పాత్రలో సుమారు 400, 500 డిగ్రీల వేడి పెడితే ఆ దండ తెగి ఆవిరవుతుంది. మన అడవి పల్లెల్లో ఇప్పపువ్వు సారా కాచేటప్పుడు ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు చూడండి, ఇదీ అంతే. ఆవిరి చల్లారితే నూనె.

ఉత్తి వేడితో అయితే దండ ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. కొంత మైనంలా పేరుకుంటుంది. అందుకని జియోలైట్ వంటి ఉత్ప్రేరకాన్ని వాడతారు. అది మన పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. పని జరిపిస్తుంది, తాను మాత్రం ఖర్చు కాదు. ఇక్కడ కలపడం కాదు లెండి, విడగొట్టడం! తక్కువ వేడితోనే దండ తెగుతుంది, మనకు కావలసిన సైజు ముక్కలు ఎక్కువగా వస్తాయి. అయితే దానికీ మసి పడుతుంది. అప్పుడప్పుడు ఆ మసిని కాల్చి శుభ్రం చెయ్యాలి.

ఇది కట్టుకథ కాదు. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థవారు గెయిల్ సహకారంతో 2019 ఆగస్టులో ఇలాంటి ప్లాంటు ప్రారంభించారు. రోజుకు టన్ను ప్లాస్టిక్ నుంచి 800 లీటర్ల డీజిలు తీసేలా దాన్ని కట్టారు.

మరి పెరట్లో ఎందుకు కూడదు? ఆ ఆవిరికి కాస్త గాలి తగిలి, నిప్పురవ్వ కలిసిందంటే డబ్బా బాంబులా పేలుతుంది. పైగా అన్ని ప్లాస్టిక్‌లూ ఒకటి కావు. పాలకవరు, నూనె క్యాను, బకెట్టు వంటివి నూనెకు పనికొస్తాయి. మంచినీళ్ళ సీసా వేరే జాతి, దాన్ని కరిగించి నూలు తీయడం మేలు. పీ.వీ.సీ. పైపు ముక్క ఒక్కటి కలిసినా ఘాటైన ఆమ్లపు ఆవిరి లేచి, మన ఊపిరితిత్తులను, ఇనుప పాత్రను కూడా తినేస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళు నీళ్ళ పొయ్యి రాజెయ్యడానికి నేనూ కవర్లే వాడాను. చిటికెలో అంటుకుంటుందని సంబరం. పొగకు మా అత్తయ్య దగ్గుతుంటే కట్టెలు పచ్చివేమో అనుకునేదాన్ని. అలా ఆరుబయట కాల్చితే నూనె రాదు, విషం వస్తుంది.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వరద తీశాక చూస్తే కంచెలకూ తుమ్మకొమ్మలకూ కవర్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. ఆ కవర్లతో ఏ ప్లాంటూ నడవదు. బురద కడగాలి, ఏరాలి, లారీలో మొయ్యాలి. మోసిన ఖర్చుకే వచ్చిన నూనె చాలదు. కాబట్టి ఉత్ప్రేరకం ఎంత గొప్పదైనా, అసలు పని మొదలయ్యేది మన వంటింటి తొట్టి దగ్గరే.

పాలకవరు మూల పూర్తిగా కత్తిరించి పారెయ్యకండి. ఆ చిన్నముక్కను ఎవరూ ఏరలేరు. కొంచెం చీల్చి వదిలెయ్యండి. కడిగి, ఆరబెట్టి, తడిచెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. అన్నం మెతుకులున్న కవరు ముడివేసి విసిరితే దాన్ని ఆవు మింగుతుంది.

అన్నిటికన్నా మేలు, కవరు ఇంటికి రాకుండా చూడడం. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి నిషేధం. మనకేం లోటు? మన అడవుల్లో కోయ అక్కచెల్లెళ్ళు అడ్డాకులు ఏరి విస్తర్లు కుడతారు. వ్రతానికో, పేరంటానికో ఆ విస్తర్లు కొంటే వాళ్ళ చేతిలో నాలుగు రూపాయలు పడతాయి. తిన్న విస్తరి ఎరువవుతుంది. దానికి ప్లాంటూ అక్కర్లేదు, ఉత్ప్రేరకమూ అక్కర్లేదు.

మావాడికి డబ్బా తిరిగి ఇవ్వలేదు. కడిగి ఆరబెట్టిన పాలకవర్లు ఇప్పుడు అందులోనే దాస్తున్నాను. నిండగానే చెత్త సేకరించే అమ్మాయికి ఇచ్చిరావడం వాడి పని. ఇప్పటికి రెండుసార్లు ఇచ్చొచ్చాడు, అలక కూడా తీరింది.

సెలవు.