సిమిలిపాల్ నల్లపులులు



చిన్ననాట ఊరి చెరువుగట్టున తెల్లకాకి వ్రాలినదని కబురు పుట్టగా, బడి విడిచి పరుగెత్తిన పిల్లలలో మేమును ఉంటిమి. అపశకునమని పెద్దలు తల లూపిరి. పాపము, తోటి కాకులే దానిని పొడిచి తరుముచుండెను. ఈకలు తెల్లనివైనను కన్నులు నల్లగనే యుండెను. ఈకలకు మాత్రమే రంగు చేరని పక్షి యది. ఒడలంతటను రంగు పుట్టని జీవులకు కన్నులు సయితము గులాబివన్నె నుండును.

ఒక కాకికి కలిగిన వింతను చూచి మరచిపోవచ్చును. ఒక అడవిలోని పులులలో మూడింట ఒక వంతునకు పైగా కలిగినచో?

ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో సిమిలిపాల్ అభయారణ్యము కలదు. అచ్చటి పులులు కొన్నింటికి చారలు వెడల్పై, ఒకదానితో నొకటి కలిసిపోయి, వానినడుమ పసుపువన్నె సన్నని గీతలుగా మాత్రమే మిగులును. నల్లపులి యని పేరేగాని పూర్తిగా నలుపు కాదు. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రపు పరిశోధకులు 2021లో దీని కారణమును వెల్లడించిరి. టాక్‌పెప్ అను జన్యువులో నొక చిన్న మార్పు. తల్లినుండి, తండ్రినుండి మారిన జన్యువే సంక్రమించినగాని కూనకు ఈ రంగు రాదు. మన వంటింటి పిల్లికి చారలకు బదులు చుట్టలవంటి మచ్చలుండుటకును ఈ జన్యువులోని మార్పులే కారణము!

ఇతర అడవులలో వారు పరీక్షించిన పులులయందు ఇది కానరాలేదు. సిమిలిపాల్ పులులు కొద్దిపాటివి. పరాయి పులుల రాకపోకలు లేక చిరకాలముగా తమలో తామే జతకూడినవి. మేనరికములగూర్చి వైద్యులు మనకు చెప్పు మాటయే యిది. 1951లో రేవా ప్రాంతమున పట్టుబడిన మోహన్ అను తెల్లపులిని దాని కూతురితోనే జతపరచి సంతతి పెంచిరి. తెల్లపులులలో మెల్లకన్ను తరచుగా కానవచ్చును. జంతుప్రదర్శనశాలలో వానిని చూచి మేమును మురిసితిమి, ఇప్పుడు మురియలేము.

2024లో ఒడిశా ప్రభుత్వము నల్లపులుల సఫారీని ప్రకటించినది. ఆ యేడే మహారాష్ట్రలోని తాడోబా నుండి జమున, జీనత్ అను రెండు ఆడపులులను సిమిలిపాల్‌కు తెచ్చిరి. మా మనసు ఈ రెండవ పనియందే కలదు. నల్లపులితో జతకూడినను వీనికి కలుగు కూనలు మామూలు చారలతోనే పుట్టును. సందర్శకులకు ఆశాభంగము, పులులకు మేలు. కాని జీనత్ అచ్చట నిలువక ఝార్ఖండ్ దాటి బెంగాలు చేరినది. డిసెంబరు చివర బాంకురాలో మత్తుమందు సూదితో దానిని పట్టి, తిరిగి సిమిలిపాల్‌కే చేర్చిరి.