గోడవార మొలిచినవి

తడలో నాలుగు వానలు పడితే చాలు, హైవే అంచున, రైల్వేస్టేషన్ దారిలో, గోడల వారన ఎవరూ నాటని మొక్కలెన్నో లేస్తాయి. పిచ్చిమొక్కలని వాటిని దాటిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నేల ఉసిరి రెమ్మను తిప్పి చూడండి. ఆకుల కింద ఆవగింజలంత కాయలు వరుసగా కనిపిస్తాయి. పక్కనే రెడ్డివారి నానుబాలు ఉండొచ్చు. దాన్ని తుంచితే పాలు కారతాయి, నేల ఉసిరికి కారవు.

ఉత్తరేణి వినాయక చవితి 21 పత్రుల్లో ఒకటి. పొడవాటి కంకిమీద గింజలు కిందికి వంగి, పంచెకో మేక బొచ్చుకో పట్టుకుని మరో వీధికి చేరతాయి. ఎంత చక్కటి ఏర్పాటు! గడ్డిచామంతి ఇంకా దూరం నుంచి, అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చింది. పసుపు బొడ్డు చుట్టూ లేత రేకులు, ఒక్కో రేకు కొసన నొక్కులు. దెబ్బ తగిలితే దీని ఆకు పసరు పిండడం పల్లెల్లో పాత అలవాటు.

గలిజేరు కూరకు బాగుంటుంది గానీ, పొగ, మురుగు తగిలే రోడ్డు పక్కది కోయకండి. వయ్యారిభామను ఉత్త చేతులతో పీకకండి, ఒంటికి దద్దుర్లు వస్తాయి. పేరు తెలియనిది కనిపిస్తే, మేకలు కాసే పెద్దాయన్ని ఆపి అడగండి.